బోధిసిరి వేయించిన బండల నేల, మా అమ్మాయి బేస్‌మెంటు

“అమ్మా, ఈ సంవత్సరం బేస్‌మెంటు చేయిద్దామనుకుంటున్నాం” అని మా అమ్మాయి ఫోన్లో చెప్పగానే నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. వాళ్ళు న్యూజెర్సీలో ఇల్లు కొని మూడేళ్ళయింది. గృహప్రవేశం ఫొటోల్లో రెండంతస్తుల ఇల్లు, కిటికీలు, పైకప్పు అన్నీ చూశాం. అన్నీ అయిపోయిన ఇంటికి ఇప్పుడు బేస్‌మెంటు వేయడమేమిటి? “బేస్‌మెంటు లేకుండానే ఇన్నాళ్ళూ గోడలు నిలబడ్డాయా తల్లీ?” అన్నాను. పక్కనుంచి మా అల్లుడు గారు నవ్వడం వినిపించింది.

తప్పు నాది కాదు. మాచర్ల పక్కనున్న మా వెల్దుర్తిలో (కర్నూలు జిల్లా వెల్దుర్తి కాదండీ, పల్నాటిది) బేస్‌మెంటంటే పునాది మీద, నేల నుంచి ఇంటి గచ్చు దాకా లేపే కట్టడం. కొందరు బేస్‌మట్టం అని కూడా అంటారు. ఇంగ్లీషు మాట తోకకి మన ‘మట్టం’ తగిలించుకున్నారన్నమాట. ఒక్క మన ఊళ్ళ మాటే కాదు, సర్కారు లెక్క కూడా అదే. తెలంగాణలో ఇప్పుడు కడుతున్న ఇందిరమ్మ ఇళ్ళకి ఇచ్చే 5 లక్షల్లో మొదటి లక్ష బేస్‌మెంటు పూర్తయ్యాకే చేతికొస్తుంది. అంటే మన బేస్‌మెంటు మనుషుల్ని నేల మీంచి పైకెత్తేది. వాళ్ళ బేస్‌మెంటు మనుషుల్ని నేల లోపలికి దింపేది.

అది ఎందుకలా అంటే చలి వల్ల. అక్కడ చలికాలంలో నేల పైపొర గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది ఆ పొర కంటే లోతుకి పోకపోతే ఇల్లు కదులుతుంది. ఎలాగూ మూడడుగులకి పైగా తవ్వాలి కాబట్టి ఇంకొంచెం తవ్వి ఒక అంతస్తే కట్టేస్తారు. మా అమ్మాయి వాళ్ళ ఇంటి కింద అలా కట్టిన ఉత్త కాంక్రీటు గది ఉంది. అందులో నీళ్ళు కాచే బాయిలరు, బట్టలుతికే మిషను, పాత అట్టపెట్టెలు. దాన్ని గదిగా, పక్కన బాత్రూముతో తయారుచేయించాలని వాళ్ళ ఆలోచన. ఎవరికోసమంటే మాకోసం. “మీరిద్దరూ వచ్చి ఆర్నెల్లుంటే నాన్న మోకాళ్ళకి మేడమెట్లు ఎక్కే పని ఉండదు” అంది. కిందికి దిగే మెట్లు మెట్లు కావనుకుందేమో, పిచ్చితల్లి.

ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూసి వెళ్ళారట. మొదటతను అరగంటలో కొలతలు తీసుకుని రేటు చెప్పాడు. మూడు వారాల్లో ముగిస్తానన్నాడు. గోడలకి జిప్సం బోర్డు, కింద మెత్తటి కార్పెట్టు. రెండో అతను ముందు లోపలికి రాలేదు. ఇంటి చుట్టూ తిరిగి చూరు గొట్టాలు నీళ్ళు ఎక్కడ వదులుతున్నాయో, మట్టి ఎటు వాలి ఉందో చూశాడు. వాన పడ్డ మర్నాడు మళ్ళీ వస్తానన్నాడు. రేటు ఎక్కువ, ఇప్పట్లో ఖాళీ లేదు. “ఎవరికిద్దాం అమ్మా? నువ్వు ఇల్లు కట్టించినదానివి కదా” అని మా అమ్మాయి అడిగింది.

కట్టించినదాన్నే. ఒక గది పాడుచేయించినదాన్ని కూడా. ఆ కథ కాసేపాగి చెబుతాను. నేల కింద గది మనకి కొత్త అనుకుంటాం గానీ, పల్నాట్లో మన ముత్తాతల నాటికే అది ఉంది. దాన్ని పాతర అనేవాళ్ళు.

జొన్నలు దాచుకునే గొయ్యి పాతర. ఎక్కడపడితే అక్కడ తవ్వేవాళ్ళు కాదు. వాననీరు నిలవని మెరక చూసి, మట్టి గట్టిగా ఉన్న చోట తవ్వేవాళ్ళు. మూతి ఇరుకు, కడుపు వెడల్పు, పెద్ద కుండని భూమిలో పూడ్చినట్టు. లోపల అడుగునా పక్కలా ఎండుగడ్డి మందంగా పరిచి, జొన్నలు పోసి, మూతి మీద నాపరాయి కప్పి మట్టితో మెత్తేవాళ్ళు. గడ్డి వేసేది గింజకి మట్టి తగలకుండా, మట్టిలోని చెమ్మ గింజని అంటకుండా. గోడకీ వస్తువుకీ మధ్య చెమ్మని ఆపే ఒక పొర ఉండాలన్న సూత్రం మా వాళ్ళకి పుస్తకం లేకుండానే తెలుసు.

దాని విలువ కరువులో తెలిసేది. 1832–33లో గుంటూరు సీమని ఊడ్చిపెట్టిన నందన కరువు, జనం నోట డొక్కల కరువు అయింది. లక్ష మందికి పైనే పోయారు. వానల మీద బతికే మెట్ట ఊళ్ళకి గింజ దాచుకునే గొయ్యి దేవుడి గది లాంటిది. అందుకే పాతర తవ్వించేటప్పుడు తక్కువ కూలికి వచ్చాడని ఎవర్నో పిలిచేవాళ్ళు కాదు. చెమ్మ దిగితే పోయేది గొయ్యి కాదు, ఇంటిల్లిపాది తిండి.

పాతరకి ఇంకో పాఠం కూడా ఉంది. మూత తీయగానే లోపలికి దిగకూడదు. మూసిన గోతిలో గింజలు ఊపిరి తీసుకుంటాయి. ఉన్న ప్రాణవాయువు అయిపోయి బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. పురుగు చచ్చి గింజ నిలవుండేది అందువల్లే. తొందరపడి దిగిన మనిషి చచ్చిపోయేదీ అందువల్లే. అందుకని మూత తీసి చాలాసేపు గాలి పోనిచ్చి, తాడుతో దీపం దింపి చూసేవాళ్ళు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. పాతర పెట్టిన ఇళ్ళల్లో పిల్లలకి మొట్టమొదట చెప్పే జాగ్రత్త అదే.

ఇక నేల మీది సంగతి. మా వైపు రెండు రకాల మట్టి. ఒకటి రాళ్ళూ గరపా కలిసిన ఎర్రనేల. రెండోది నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. రేగడి మీద కట్టిన ఇల్లు ఏటా కాస్త లేచి కాస్త దిగుతుంది. గోడల్లో బీటలు అందుకే. తెలిసిన మేస్త్రీ పునాది గట్టినేల తగిలేదాకా తీస్తాడు. బేస్‌మెంటు లోపల నింపడానికి తవ్విన రేగడే మళ్ళీ తోయడు, గరపో ఇసకో పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో దిమ్మిస్తాడు. ఇది పైకి కనపడని పని. గచ్చు వేశాక లోపల ఏం పోశారో దేవుడికే తెలియాలి. ఇల్లు కట్టించే ఆడవాళ్ళు టైల్స్ రంగు దగ్గర నాలుగు షాపులు తిరుగుతారు గానీ, ట్రాక్టరు మట్టి దించుతున్నప్పుడు వంటింట్లో ఉంటారు. నేనూ ఉన్నాను.

ఆ బేస్‌మెంటు మీద పరిచేది నాపరాయి. పల్నాడు పేరు చెబితే అది గుర్తురావాల్సిందే. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడు పల్నాటి పల్లెల్ని ఎగతాళి చేస్తూ చెప్పాడనే చాటువులో జొన్నకూడుతో పాటు నాపరాళ్ళు కూడా ఉన్నాయి. ఆయనకి ఎగతాళి అయింది మాకు ఆస్తి. కోట్ల ఏళ్ళ నాడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి అది. అందుకే ఉలి పెట్టి కొడితే పలకలుగా విడుతుంది. మాచర్ల, దాచేపల్లి బండలు ఎక్కడెక్కడికో లారీల్లో పోతాయి. నేల మీద పరవడమే కాదు, అరుగులకీ, వాకిట్లో చాకిరేవు బండకీ, దొడ్డి చుట్టూ నిలువుగా పాతి దడిలాగానూ అదే వాడతాం. ఎండాకాలం మధ్యాహ్నం చాపైనా లేకుండా దాని మీద పడుకుంటే వచ్చే నిద్ర ఏసీ గదిలో రాదు.

దానికీ లోపం ఉంది. సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికి అలాగే వదిలేస్తే మచ్చ పడుతుంది. బాత్రూము కడిగే యాసిడ్ పోస్తే నురగ కక్కుతూ రాయి తినేస్తుంది. అడుగున పోసిన మట్టి మంచిది కాకపోతే వానాకాలం రాళ్ళ సందుల్లోంచి చెమ్మ పైకొస్తుంది. బియ్యం బస్తా నేల మీద పెట్టి వారం తర్వాత ఎత్తి చూస్తే కింద గోనె తడిసి ఉంటుంది. అందుకే మా అమ్మ బస్తా కింద ఎప్పుడూ రెండు చెక్కలు వేసేది.

ఈ రాతిని ఇళ్ళకి ఎన్నాళ్ళుగా పరుస్తున్నారో వెతుకుతూ పోతే నాకు ఒక ఆవిడ కనపడింది. ఆవిడ పేరు బోధిసిరి. మా ఊరికి దగ్గర్లోనే, ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉన్న లోయలో, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో ఆ శిథిలాలు వెలుగులోకొచ్చాయి. ఆనకట్ట కడితే లోయంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు చేశారు. దొరికిన కట్టడాల్లో కొన్నింటిని నాగార్జునకొండ మీదికీ, కొన్నింటిని ఒడ్డున అనుపుకీ తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. అనుపు దగ్గర మెట్లమెట్లుగా ఉన్న రంగస్థలం చాలామంది చూసే ఉంటారు. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఆ మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం గానీ, కూర్చున్నది ఎవరు చెక్కిన రాయి మీదో ఆలోచించలేదు.

అక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకటి బోధిసిరిది. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో వేయించింది. ఆవిడ రాణి కాదు. బౌద్ధాన్ని నమ్మిన గృహస్థురాలు. విజయపురికి తూర్పున చుల ధమ్మగిరి విహారంలో తాను ఒక చైత్యగృహం కట్టించానని, సింహళం నుంచి వచ్చే ఆచార్యుల కోసమని చెప్పింది. అంతటితో ఆగలేదు. దానికి పలకరాళ్ళు పరిచిన నేల ఉందని, కావలసినవన్నీ అమర్చానని కూడా రాయించింది. చదివి నేను నవ్వుకున్నాను. గుడి కట్టించిన మగవాళ్ళు శిఖరం గురించి చెప్పుకుంటారు. నేల మీద ఏం పరిచామో గుర్తుపెట్టుకుని చెప్పింది ఆవిడ. తర్వాత తాను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో వరసగా చెప్పింది: ఒకచోట మండపం, ఒకచోట చెరువు, ఒకచోట మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు. ఆ పుణ్యంలో భర్తకీ, పుట్టింటివాళ్ళకీ, అత్తింటివాళ్ళకీ అందరికీ వాటా పంచింది. మన ఇళ్ళల్లో ఖర్చుల పుస్తకం రాసే ఆడవాళ్ళ పద్ధతే అది.

నన్ను ఆపేసింది చివరి వాక్యాలు. ఈ కొత్త పనిని చందముఖ, ధమ్మనంది, నాగ అనే ముగ్గురు థేరులు దగ్గరుండి చేయించారని అందులో ఉంది. రాతి పని విధిక అనే శిల్పిదని కూడా ఉంది. డబ్బు పెట్టినావిడ పేరుతో పాటు అజమాయిషీ చేసినవాళ్ళ పేర్లూ, ఉలి పట్టినవాడి పేరూ అదే రాతి మీద ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ నేల ఎవరు వేశారంటే జవాబు దొరుకుతుంది. నా ఇంటి నేల కింద మట్టి ఎవరు పోశారంటే నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నేను పాడుచేయించిన గది కథ. మా అత్తవారి ఇంట్లో వీధి గది పాతది. రాతిగోడలు, మట్టి అడుసు, పైన సున్నం. మా రాయి తమాషా ఏమిటంటే ఒకటే రాయికి మూడు అవతారాలు. పలకగా తీస్తే నాపరాయి. బట్టీలో కాలిస్తే సున్నం, పిడుగురాళ్ళలో ఇప్పటికీ చేసే పని అదే. బంకమట్టితో కలిపి ఇంకా గట్టిగా, 1450 డిగ్రీల వేడిలో కాల్చి పొడి కొడితే సిమెంటు. పాతరోజుల్లో సున్నాన్ని ఇసకతో కలిపి, ఎద్దు తిప్పే గానుగలో నూరి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి గచ్చుకి వాడేవాళ్ళు. అది మెల్లగా, గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటూ, మళ్ళీ రాయి అవుతుంది. దానికి ఓపిక కావాలి. సిమెంటుకి అక్కర్లేదు. 1936లో ఆంధ్రా సిమెంట్ కంపెనీ పుట్టింది. 1950ల చివర్లో మాచర్లలోనే కేసీపీ వాళ్ళ ఫ్యాక్టరీ వచ్చింది. మా చిన్నప్పటికి సిమెంటు పూసిన ఇల్లంటే కలిగినవాళ్ళ ఇల్లు.

ఆ మోజు నాకూ ఉండేది. వీధి గదిలో సున్నం పెచ్చులూడుతోందని, అది అత్తయ్య పడుకునే గదని, బాగుచేయించే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. మా పాత మేస్త్రీని అడిగితే, “అమ్మగారూ, గోడకి చెమ్మ కిందనుంచి వస్తోంది, ముందు వీధి వైపు మట్టి తీసి కాలవ చేయించండి, పూత తర్వాత చూద్దాం” అన్నాడు. పండగ దగ్గరికొచ్చింది, చుట్టాలొస్తారు, ఆ కాలవ తవ్వకం ఎవరికి కనపడుతుంది? వేరే అతను గుత్తకి పదిరోజుల్లో మొత్తం చేస్తానన్నాడు, తక్కువకే. పాత గోడ మీద నున్నగా సిమెంటు పూసి, దాని మీద లప్పం పట్టించి, లేత గులాబీ రంగు వేసి వెళ్ళాడు. అందరూ బాగుందన్నారు.

మొదటి వానాకాలం మోకాలెత్తు దాకా నల్లగా మచ్చ వచ్చింది. రెండో వానాకాలం నడుమెత్తు. సున్నం ఉన్నప్పుడు గోడ చెమ్మని బయటికి వదిలేసేది. సిమెంటు ఆ దారి మూసేసరికి చెమ్మ గోడలోపలే పైకి పాకింది. తెల్లటి ఉప్పు తేలి రంగు పొరలు పొరలుగా రాలింది. అత్తయ్య ఆ గదిలోనే పడుకుని ఆ రెండు వానాకాలాలూ దగ్గుతూనే ఉంది. “గోడ వాసన వస్తోందమ్మాయ్” అని ఒకటి రెండుసార్లు అంది గానీ, డబ్బు పోసి చేయించానని నన్ను ఇంకేమీ అనలేదు. ఆ మనిషికి ఫోన్ చేస్తే ఒకసారి వస్తానన్నాడు, తర్వాత ఎత్తలేదు. కాగితం లేదు, రసీదు లేదు. చివరికి ఆ పూతంతా చెక్కించి, కాలవ తీయించింది పాత మేస్త్రీ చేతే. అప్పటికి అత్తయ్య మంచం లోపలి గదిలోకి మారిపోయింది. వీధిలో వచ్చేపోయేవాళ్ళని చూస్తూ పలకరించే అలవాటు ఆవిడకి. ఆ కిటికీ దూరమైపోయింది. గోడ బాగయ్యాక మళ్ళీ ముందు గదిలోకి రమ్మంటే, “ఎందుకులే, ఇక్కడ అలవాటైంది” అంది.

పనివాణ్ణి ఎంచుకోవడం గురించి అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాను. మన దగ్గర పని ఇచ్చే పద్ధతులు మూడు. రోజుకూలి అయితే పని సాగుతుంది. గుత్త అయితే పని పరుగెత్తుతుంది. సామాను కూడా అతనే తెచ్చే కాంట్రాక్టు అయితే సామాను పలచబడుతుంది. ఏ పద్ధతికీ దొంగ బుద్ధి లేదు, ప్రతి పద్ధతికీ ఒక బలహీనత ఉంది. అది తెలుసుకుని కాపలా కాయడం ఇంటివాళ్ళ వంతు. దీనికి పాత ఉపాయం మట్టిపని చేసే వడ్డెరల దగ్గర చూడాలి. వాళ్ళకి కూలి తవ్విన కొలతని బట్టి. గొయ్యంతా తవ్వేశాక అసలు నేల ఎంతెత్తున ఉండేదో ఎలా తెలుస్తుంది? అందుకని గోతి మధ్యలో అక్కడక్కడ చిన్న మట్టి దిమ్మెలు తవ్వకుండా వదిలేవాళ్ళు. ఆ దిమ్మె పైభాగం పాత నేలమట్టం. దాన్ని కొలిచి డబ్బులిచ్చేదాకా దిమ్మె అలాగే ఉండాలి. అటు పనివాడికీ ఇటు యజమానికీ అదే సాక్ష్యం.

మా కళ్ళముందున్న పెద్ద కట్టడం నాగార్జునసాగర్ కూడా రాయే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. ప్రపంచంలోని అతి పెద్ద రాతి ఆనకట్టల్లో అదొకటి, ఎత్తు 124 మీటర్లు. యంత్రాలు తక్కువ, మనుషులెక్కువ ఉన్న దేశం కాబట్టి రాయి మీద రాయి మోసి కట్టారు. అప్పటి ఫొటోల్లో తలమీద తట్టలతో వరసకట్టి నడిచే ఆడవాళ్ళు కనపడతారు. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. ఆ మాటకొస్తే బోధిసిరి కాలం కంటే మనం వెనకబడ్డామనిపిస్తుంది.

ఇవన్నీ ఆలోచించుకుని మా అమ్మాయికి ఫోన్ చేశాను. అమెరికా పనుల సంగతి నాకు తెలియదు, కానీ ఏమడగాలో తెలుసు. మొదటి ప్రశ్న నీళ్ళ గురించి. అది తనకి తానుగా అడిగినవాడికే పని ఇవ్వమన్నాను. తను చదివి నాకు చెప్పింది, నేను విని మన మాటల్లోకి మార్చుకున్నాను. చూస్తే మా పాతర లెక్కకీ వాళ్ళ లెక్కకీ తేడా లేదు.

కాంక్రీటు పైకి పొడిగా కనపడినా చెమ్మ పీల్చి వదులుతూనే ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నేలకి పరిచి, అంచులు గాలి పోకుండా టేపు అంటించి ఒక రాత్రంతా వదిలేయాలి. కాగితం కింద నీటి చుక్కలు తేలితే నేల చెమ్మగా ఉన్నట్టు. మా అమ్మ బియ్యం బస్తా ఎత్తి చూసినట్టే. అలాంటి నేల మీద కార్పెట్టు వేస్తే అది తడిగోనె అవుతుంది. నీటికి చెడని వినైల్ పలకలో, టైల్సో వేసుకోవాలి. గోడకి ఆనించి కర్ర చట్రం పెట్టి దూది లాంటి ఇన్సులేషన్ కూరితే చెమ్మ అందులో నిలిచి బూజు పడుతుంది. ముందు కాంక్రీటుకి గట్టి ఫోమ్ బోర్డు అంటించి, దానికివతల చట్రం నిలబెట్టాలి. జొన్నలకీ మట్టికీ మధ్య గడ్డి పొర వేసినట్టు. నేలకి తగిలే చెక్క మందు పట్టించినదై ఉండాలి. జిప్సం బోర్డుకి పైన కాగితం ఉంటుంది, అది బూజుకి తిండి. కాబట్టి నేలకి అరంగుళం పైన ఆపాలి.

రెండోది గాలి. పాతరలో దీపం దింపి చూసినట్టే అక్కడ రేడాన్ పరీక్ష చేయిస్తారు. భూమిలోని యురేనియం నుంచి పుట్టే వాయువు అది, రంగూ వాసనా లేదు, బేస్‌మెంట్లలో పేరుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సరుకి పొగతాగడం తర్వాత పెద్ద కారణం అదేనని అక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది. లీటరు గాలిలో 4 పికోక్యూరీలు, అంతకు మించి ఉంటే గొట్టం వేసి బయటికి లాగించుకోమంటుంది. మూడోది, నిప్పంటుకుంటే బయటపడే దారి. మనుషులు పడుకునే బేస్‌మెంటు గదికి మనిషి దూరగలిగే కిటికీ ఉండాలని అక్కడి నిబంధన. కిటికీ గడప నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. మొదటి కాంట్రాక్టరు చెప్పిన రేటులో ఆ కిటికీయే లేదు. మేము పడుకోబోయే గదికి.

నాలుగోది కాగితం. న్యూజెర్సీలో ఇంటి పనులు చేసే కాంట్రాక్టరు రాష్ట్రం దగ్గర రిజిస్టరై ఉండాలట. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. డబ్బు మాత్రం మన ఇళ్ళ పథకాల పద్ధతిలో ఇవ్వమన్నాను. ఇంత పని, ఇంత డబ్బు. గోడ మూసేలోపు అడుగడుగునా ఫొటోలు తీసుకోమన్నాను, అవే మన మట్టి దిమ్మెలు.

వాళ్ళు రెండో అతన్నే ఎంచుకున్నారు. వాన పడ్డ మర్నాడు ఆయన చెప్పినట్టే వచ్చాడు. ప్లాస్టిక్ కాగితం కింద చుక్కలు తేలాయి. ముందు చూరు గొట్టాలు ఇంటికి దూరంగా పొడిగించాలి, చుట్టూ మట్టి బయటికి వాలేలా సరిచేయాలి, ఒక కాలం వానలు చూడాలి, గది తర్వాత అన్నాడు. అంటే దాచుకున్న డబ్బులో కొంత కంటికి కనపడని పనికి పోయింది. ఈసారి మేం వెళ్ళేటప్పటికి గది ఉండదు. “ఏమనుకోకు అమ్మా, హాల్లో సోఫా మీద సర్దుకోవాలి” అని మా అమ్మాయి నొచ్చుకుంటూ చెప్పింది. నాకు అత్తయ్య గది గుర్తొచ్చింది. సోఫా చాలు తల్లీ అన్నాను.

ఫోన్ పెట్టేముందు బోధిసిరి సంగతి చెప్పాను. బోర్డులు బిగించే ముందు లోపల చెక్క మీద ఆ పనివాళ్ళందరి చేతా పెన్సిలుతో పేర్లు రాయిస్తానంది.

ఆ సాయంత్రం మా పాత మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. పెద్దవాడైపోయాడు, పని మానేశాడు. మా బేస్‌మెంటులో మట్టి పోసినవాళ్ళెవరో గుర్తుందా అని అడిగితే కాసేపు ఆలోచించి ముగ్గురి పేర్లు చెప్పాడు. ఇంటి దస్తావేజు ఉన్న కవరులో ఆయన పేరుతో కలిపి ఆ నాలుగు పేర్లూ రాసి పెట్టాను. మీ ఇల్లు కట్టిన మేస్త్రీ ఇంకా ఉంటే మీరూ ఒకసారి అడిగి చూడండి.